నిప్పులు కడిగే వంశంలో పళ్ళు కడిగినవాడు

రేపల్లెలో దక్షిణామూర్తి వాళ్ళది నిప్పులు కడిగే వంశం అనేవాళ్ళు. ఆ మాట మెచ్చుకోలో వెక్కిరింతో అన్నవాళ్ళకే తెలియాలి. ఆయన తల్లి శ్యామలాంబ మాత్రం దాన్ని బిరుదుగానే పుచ్చుకుంది. పొయ్యిలోకి పోయే కట్టెల మీద నీళ్ళు చల్లనిదే ఆవిడ అగ్గిపుల్ల గీసేది కాదు. కొట్లోంచి వచ్చిన చిల్లరను చెంబులో వేసి కడిగేది. దండెం మీద ఆరేసిన మడిబట్టను దాటిపోయిన గాలి అంతకుముందు ఎవరింటి మీంచి వచ్చిందో కూడా ఆరా తీసేది. ఆ ఇంట్లో పుట్టిన పాపానికి దక్షిణామూర్తి, బడి నుంచి రాగానే పెరట్లో చొక్కా విప్పి నిలబడి, మాఘమాసమైనా సరే, నెత్తిన చన్నీళ్ళు కుమ్మరించుకుంటే తప్ప అన్నం ముఖం చూసి ఎరగడు.

అందుకే తెనాలిలో కాలేజీ లెక్చరర్ ఉద్యోగం రాగానే ఆయన చేసిన మొదటి పని మడిని తిట్టడం. చెప్పేది సివిక్స్ అయినా, మూఢనమ్మకాల మీద మాట్లాడినంతసేపు పార్లమెంటు మీద మాట్లాడేవాడు కాదు. హోటల్లో చేతులు కడుక్కోకుండా ఇడ్లీ తినడం సంఘసంస్కరణ అనుకునేవాడు. బాపట్ల అమ్మాయి రమణిని పెళ్ళిచేసుకుని గంగానమ్మపేటలో కాపురం పెట్టిన కొత్తలోనే గట్టిగా చెప్పేశాడు.

"మా అమ్మలాగా మడీ గిడీ అంటే మాత్రం కుదరదు. మనిషికి సైన్సే మడి."

అత్తగారింట్లో కొన్నాళ్ళు ఉండి వచ్చిన రమణికి ఆ మాటతో ప్రాణం లేచివచ్చింది. పాపం, అందులో రెండో వాక్యాన్ని ఆవిడ అప్పుడు సరిగ్గా వినలేదు.

ఇద్దరు పిల్లలు పుట్టి బడికి వెళ్ళేదాకా కాపురం చల్లగానే సాగింది. ఎనభై ఆరులో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, దక్షిణామూర్తి బోస్ రోడ్డులో బసవమ్మ బండి దగ్గర ఆగి నల్లద్రాక్ష కొన్నాడు. పక్కన హనుమంతరావు ఉన్నాడు. ఆయన అదే కాలేజీలో కామర్స్ చెబుతాడు. లోకజ్ఞానమంతా బజ్జీలు చుట్టి ఇచ్చిన కాగితాల నుంచి సంపాదించినవాడు కావడం వల్ల, ఏ విషయమైనా సగమే తెలుసు. మిగతా సగం నూనెలో తడిసిపోయి ఉంటుంది.

"ఆ తెల్లటి పొర చూశారా?" అన్నాడు హనుమంతరావు, ద్రాక్షగుత్తిని వెలుతురుకు పట్టి. నిజమే, పళ్ళ మీద విభూది అద్దినట్టు తెల్లగా ఉంది. "అది మందండీ. మా బావమరిది పత్తికి కొట్టేది కూడా అచ్చం ఇదే రంగు. నీళ్ళు ఆరిపోయి మందు మిగిలిందన్నమాట!"

"మందో మాకో, తియ్యగా ఉందో లేదో చూసుకోండి బాబూ," అంది బసవమ్మ.

దక్షిణామూర్తి పొట్లం సంచిలో వేసుకున్నాడు. ఇంటికొచ్చి గదిలో ఒక్కడే కూర్చుని ఒక పండును బొటనవేలితో రుద్దాడు. తెలుపు వేలికంటింది. వేలికంటిందంటే ఉందన్నమాట. ఉందంటే విషమన్నమాట. తర్కంలో ఎక్కడా లోపం కనపడలేదు. ఆ రోజుల్లో పురుగుమందుల గురించి పత్రికల్లో వస్తున్న రాతలు కూడా ఉత్తవేం కావు. పొలాల్లో కొట్టే డబ్బాల లెక్క అందరికీ తెలిసిందే. కాబట్టి ఆయన భయానికి ఆధారం లేదనలేం. ఆ భయాన్ని ఆయన నడిపించిన దారే చిత్రంగా ఉంది.

మర్నాటి నుంచి పెరట్లో బకెట్లు వెలిశాయి. మొదటిదాంట్లో బట్టలుతికే సబ్బుపొడి నీళ్ళు. రెండోదాంట్లో వంకాయరంగు తిరిగేలా కలిపిన పర్మాంగనేటు. మూడోదాంట్లో మంచినీళ్ళు. అవి పేరుకే మంచినీళ్ళు, ముందు రెండు బకెట్లలో మునిగిన చేతులే అందులోనూ మునిగేవి. ద్రాక్షపళ్ళు ఒక్కొక్కటే తుంచి, కొబ్బరిపీచుతో తోమి, తెల్లపొర పూర్తిగా పోయి గాజుపూసల్లా మెరిసేదాకా ఆయన వదిలేవాడు కాదు. జామకాయ నున్నబడాలి. సపోటా పైనున్న బూడిదరంగు నూగంతా రాలాలి. సపోటాను అలా తోమితే చివరికి చేతిలో మిగిలేది గింజలే అయినా, అవి నిర్విషమైన గింజలు కదా అనేవాడు.

"ఏమండీ, పండు కొరికితే నోట్లో నురగొస్తోంది," అంది రమణి ఒకరోజు.

"అది విషం విడిపోతున్న గుర్తు."

"కడుపులోకి పోయాకా?"

దక్షిణామూర్తి ఆవిడకేసి జాలిగా చూసి మరో పండు తోమసాగాడు.

పదిహేను రోజులు తిరక్కుండానే పిల్లలిద్దరికీ కడుపునొప్పి, వాంతులు. డాక్టర్ జ్ఞానానందం దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన పిల్లల నాలుకలు చూసి, పొట్టలు నొక్కి, అన్నీ అడిగి చివరికి ఇంట్లో పళ్ళు ఎలా కడుగుతారో అడిగాడు. దక్షిణామూర్తి ఉత్సాహంగా మొత్తం వివరించాడు.

"అయితే పళ్ళు సబ్బుపొడితో కడుగుతున్నారు. బట్టలు దేంతో ఉతుకుతున్నారు సార్?"

"అదే సబ్బుపొడితోనండి."

"మరి బట్టలు తింటున్నారా?"

రమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జ్ఞానానందం మాత్రం నవ్వలేదు. "పండు తోలు గచ్చునేల కాదు సార్, సబ్బు లోపలికి పీలుస్తుంది. మంచినీళ్ళు ధారగా పోసి చేత్తో రుద్దండి, చాలు," అన్నాడు.

దారిలో దక్షిణామూర్తి దీర్ఘంగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇంత కడిగినా పిల్లలకు వాంతులు అయ్యాయంటే ఆ మందు ఎంత ఘాటైనదై ఉండాలి! డాక్టర్లకు మందులు తెలుసుగానీ పురుగుమందులు తెలియవు. పెరట్లో ఉప్పునీళ్ళతో నాలుగో బకెట్ చేరింది.

కుళాయి పొద్దున కాసేపే వచ్చేది. ఆ నీళ్ళన్నీ పళ్ళకే అయిపోతుంటే, పిల్లలు ముఖాలు కడుక్కోకుండా బడికి పోయేవాళ్ళు. ఆ వీధిలో అన్నిటికన్నా శుభ్రమైన జామకాయలూ, అన్నిటికన్నా మురికిగా ఉన్న పిల్లలూ ఆ ఇంట్లోనే ఉన్నారని పక్కింటివాళ్ళు అనుకునేవాళ్ళు.

అంతలో శ్యామలాంబ రేపల్లె పాసింజర్ దిగి కొడుకింటికి వచ్చింది. వస్తూనే తన చెంబు, తన పీట, తన మడిబట్ట ఎక్కడ పెట్టుకోవాలో వెతుక్కుంటూ పెరట్లోకి నడిచిన మనిషి, ఆ బకెట్ల ముందు ఠక్కున ఆగిపోయింది. కొడుకు తడిపంచె మోకాళ్ళపైకి బిగించి, ఎవరినీ తాకనివ్వకుండా, అరటిపండ్లకు స్నానం చేయిస్తున్నాడు.

"అమ్మా, దూరం! చేతులు కడుక్కోకుండా ఇటు రావద్దు," అని అరిచాడు.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ మాట వినడానికి ఆ తల్లి ఎన్నేళ్ళు ఎదురుచూసిందో!

"నా తండ్రే! ఇన్నాళ్ళకి మళ్ళీ దారిలో పడ్డావట్రా! మీ నాన్న ఉండి చూస్తే ఎంత పొంగిపోయేవారో!"

"ఇది మడి కాదమ్మా, సైన్సు!"

"పేరేదైతే ఏంటి నాయనా. ముట్టుకోనివ్వట్లేదు కదా, అదీ ముఖ్యం."

దక్షిణామూర్తి ఆ రోజంతా తల్లికి సూక్ష్మక్రిముల గురించీ, పురుగుమందుల గురించీ చెప్పాడు. ఆవిడ ప్రతిదానికీ తలూపింది. సూక్ష్మక్రిమి కంటికి కనపడదంటే, మైల కూడా అంతే నాయనా అంది. ఒకసారి తాకితే అన్నిటికీ అంటుకుంటుందంటే, అదే కదరా నేను చిన్నప్పట్నుంచీ మొత్తుకుంది అంది. సాయంత్రానికి ఆయన గొంతు పోయింది. ఆవిడ నాలుగు రోజులుండి, తిరిగి వెళ్ళి, తన కొడుకు లెక్చరరై కూడా తనను మించిన మడి కట్టాడని రేపల్లె అంతా చాటింది. ఆయనకు జీవితంలో అంతటి అవమానం ఇంకోటి జరగలేదు. రమణికి మాత్రం ఒక సంగతి స్పష్టమైంది. తను ఏ అత్తగారిని తప్పించుకుని తెనాలి వచ్చానని సంబరపడిందో, ఆ అత్తగారితోనే ఇన్నాళ్ళూ కాపురం చేస్తోంది.

కీర్తి కూడా అప్పుడే మొదలైంది. హనుమంతరావు పూనుకుని ఊళ్ళో ఒక క్లబ్బులో ఉపన్యాసం పెట్టించాడు. దక్షిణామూర్తి ఒక యాపిల్ పండు పట్టుకుని వేదిక ఎక్కాడు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే తప్ప యాపిల్ కొనేవాళ్ళు కాదు కాబట్టి, దాన్ని చూడగానే సభ నిశ్శబ్దమైపోయింది. ఆయన గడ్డం గీసుకునే బ్లేడు తీసి తోలు మీద మెల్లగా గీకాడు. తెల్లగా, మెత్తగా ఏదో బ్లేడు అంచున చేరింది.

"మైనం! కొవ్వొత్తి మైనం!" అన్నాడు. "జబ్బుమనిషి చేత మనం కొవ్వొత్తులు తినిపిస్తున్నాం!"

చెట్టు మీద ఉండగానే యాపిల్ తనకు తాను ఆ మైనాన్ని పూసుకుంటుందని చెప్పగలిగినవాళ్ళు ఆ సభలో లేరు. ఉన్నా, అంత చప్పట్లలో వినపడేది కాదు.

మర్నాడు బసవమ్మ బండి దగ్గరికి వచ్చిన ప్రతివాడూ ద్రాక్షను వేలితో రుద్ది, ముఖం చిట్లించి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. బసవమ్మ రెండు రోజులు చూసింది. మూడోరోజు ఒక పాత లుంగీముక్క సంపాదించి, బండి కింద పెట్టుకున్న డబ్బాలో ముంచి, గుత్తులన్నిటినీ నిగనిగలాడేట్టు తుడిచి పేర్చింది. డబ్బాలో నీళ్ళు పొద్దున కాలవలో ముంచి తెచ్చినవి, రాత్రిదాకా అవే. గుడ్డ అంతకుముందు బండిని తుడిచిందే.

"మందు కడిగిన ద్రాచ్చండీ! మేష్టారు చెప్పిన ద్రాచ్చ!" అని కేకేసేది.

రేటు పెంచినా జనం ఎగబడ్డారు. దక్షిణామూర్తి స్వయంగా వెళ్ళి, మెరుస్తున్న ఆ గుత్తుల్ని చూసి పొంగిపోయాడు. ఒక్క ఉపన్యాసంతో బజారు మారిపోయిందంటే మాటలా? అప్పటికే శుభ్రంగా ఉన్నాయి కదా అని, అక్కడే నిలబడి నాలుగు పళ్ళు నోట్లో వేసుకున్నాడు. ఆ సంబరంలో మిగతా గుత్తి కూడా దారిలోనే అవగొట్టాడు.

మూడోనాటికి ఆయనకు విరేచనాలు పట్టుకున్నాయి. జ్ఞానానందం వచ్చి సెలైన్ ఎక్కించాడు. అదే వారం క్లబ్బు సభ్యుల్లో మరికొందరు కూడా మంచం పట్టారని ఆయన చెబితే, దక్షిణామూర్తి నీరసంగా చెయ్యెత్తి, "చూశారా డాక్టరుగారూ, నేను చెబుతూనే ఉన్నాను, పళ్ళలో విషముందని," అన్నాడు. జ్ఞానానందం సీసా సరిచేసి, మంచం పట్టిన తర్వాతి క్లబ్బు సభ్యుడి ఇంటికి బయల్దేరాడు.

ఇంత జరిగినా ఆయన మారలేదు. ఆయన్ని మార్చింది గుమ్మడికాయ.

తొంభై ఒకటిలో రమణి తండ్రి వేంకటసుబ్రహ్మణ్యం బాపట్లలో కొత్తిల్లు కట్టుకున్నాడు. ఆయన ఉద్యోగమంతా తోటలూ మొక్కల మధ్యనే చేసి రిటైరైన మనిషి. అల్లుడి బకెట్ల సంగతి కూతురి ద్వారా తెలిసినా, అల్లుడనే గౌరవం కొద్దీ ఎప్పుడూ నోరు విప్పలేదు. గృహప్రవేశానికి ముందురోజే దక్షిణామూర్తి కుటుంబంతో దిగాడు. పందిట్లో పళ్ళ బుట్టలూ, కూరగాయలూ, ఓ మూల బూడిద గుమ్మడికాయలూ పోసి ఉన్నాయి. కొన్ని వంటకు, ఒకటి గుమ్మానికి దిష్టికి కట్టడానికి. వాటి మీద అరంగుళం మందాన సున్నం వేసినట్టు తెల్లటి పొడి.

అంత మందు ఒక్కచోట ఆయన అప్పటిదాకా చూడలేదు. భోజనాలయ్యాక అందరూ ఓ కునుకు తీస్తుంటే, ఆయన పంచె బిగించి నూతి దగ్గర కూర్చున్నాడు. సబ్బుపొడి, కొబ్బరిపీచు, చాలనిచోట ఇటుకముక్క. పనయ్యేసరికి గుమ్మడికాయలన్నీ పచ్చగా, నున్నగా, అక్కడక్కడ గీతలు పడి మెరుస్తున్నాయి.

వంటమనిషి లేచి చూసి లబోదిబోమన్నాడు. "బూడిద గుమ్మడికాయలు తెప్పించండంటే ఈ బోడి కాయలేంటండీ? ఆనపకాయలా ఇవి?"

వేంకటసుబ్రహ్మణ్యం ఒక కాయను చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సబ్బు వాసన. అల్లుడికేసి చూశాడు. అల్లుడు ఆకాశంకేసి చూశాడు. ముహూర్తం దగ్గరపడింది కాబట్టి ఎవరూ ఏమీ అనకుండా ఆ నున్నటి కాయనే పసుపూ కుంకుమా అద్ది గుమ్మానికి కట్టేశారు.

సంవత్సరం పాటు వేలాడాల్సిన కాయ నెల కూడా నిలవలేదు. గీతలు పడ్డచోట మెత్తబడి, నల్లబడి, ఒకనాటి తెల్లవారుజామున తాడు నుంచి జారి సరిగ్గా గడప మీద చితికింది. ఆ కంపుకు వీధి మొత్తం లేచింది. రమణి తల్లి మాణిక్యాంబ గుండె బాదుకుంది. దిష్టికాయ కుళ్ళి గడప మీద పడటం ఇంటికి మహా అరిష్టమంది. శాంతి జరిపించాలంది. పురోహితుడు వచ్చి, కాయ మీద చేయి వేసినవారే తడిబట్టలతో పీట మీద కూర్చోవాలన్నాడు. కబురందుకుని దక్షిణామూర్తి రైల్లో బాపట్ల చేరాడు.

మామగారు ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళాడు. పాదు మీద ఓ లేత గుమ్మడికాయ ఉంది. దాని మీద అప్పుడప్పుడే తెల్లపొడి కడుతోంది.

"అల్లుడుగారూ, ఈ పాదుకు నేను ఏ మందూ కొట్టలేదు. మరి ఈ బూడిద ఎక్కణ్ణుంచి వచ్చింది?"

దక్షిణామూర్తి వంగి కాయను బొటనవేలితో రుద్ది చూశాడు.

"కాయ తనంతట తాను కప్పుకునే కంబళి అండి ఇది. లోపలి తడి ఆరిపోకుండా, బయటి తడి లోపలికి పోకుండా. ద్రాక్షకీ అంతే, నేరేడుకీ అంతే. పళ్ళ మీద మందు ఉండదని నేననడం లేదు, ఉంటుంది. కాకపోతే అది చాలావరకు కంటికి కనపడదు. మీరు కనపడేదాన్ని తోముతున్నారు. తినేముందు ధారగా నీళ్ళు పోసి చేత్తో బాగా రుద్దితే మట్టీ మశానంతో పాటు మందు కూడా చాలామటుకు పోతుంది. మొత్తం పోతుందని దేవుడు కూడా చెప్పలేడు. అనుమానమైతే తోలు తీసుకోండి. కడిగి దాచితే మాత్రం కుళ్ళుతుంది. సబ్బు మాత్రం వద్దు."

"మరి అది..." అంటూ దక్షిణామూర్తి గడప వైపు చూశాడు.

"అదే చెబుతున్నా. లోపల మీ అత్తగారు అరిష్టమంటోంది. నేను సబ్బు అంటున్నాను. రెండిట్లో ఏదో ఒకటి. సబ్బే కారణమని మీరొచ్చి నలుగురిలో ఒక్క మాటంటే శాంతీ అక్కర్లేదు, పీటా అక్కర్లేదు. కడిగింది నేనే, తప్పు నాదే అంటే సరిపోతుంది. లేదంటారా, అరిష్టమని ఒప్పుకుని తడిబట్టలతో కూర్చోండి. మీ ఇష్టం."

ఒకవైపు పాతికేళ్ళుగా మూఢనమ్మకాల మీద తాను చేసిన యుద్ధం. ఇంకోవైపు నలుగురిలో 'నాదే తప్పు' అనే రెండు ముక్కలు. ఏది బరువో దక్షిణామూర్తి తూచుకున్నాడు. తర్వాత మెల్లగా నూతి దగ్గరికి నడిచి, తలారా నీళ్ళు పోసుకుని, తడిపంచెతో వణుకుతూ వచ్చి పీట మీద కూర్చున్నాడు.

శాంతి కబురందుకుని శ్యామలాంబ కూడా అప్పటికే రేపల్లె నుంచి వచ్చి ఉంది. కొడుకు తడిబట్టలతో, భక్తిగా, పురోహితుడు చెప్పిన మంత్రమల్లా తిరిగి చెబుతుంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది. పొగకు ఆయన కళ్ళు మండి నీళ్ళు కారాయి. అవి భక్తితో వచ్చినవని తల్లి అనుకుంది. స్తంభానికి ఆనుకుని చూస్తున్న రమణికి మాత్రం నవ్వు రాలేదు. ఒక్క మాట అనలేక ఇంత శిక్షకు తలవంచిన ఆ మనిషిని చూస్తే మొదటిసారి జాలేసింది.

తెనాలికి వచ్చిన మర్నాడు రమణి పెరట్లో బకెట్లు బోర్లించింది. ఆయన చూశాడు, ఏంటని అడగలేదు. ద్రాక్ష తెచ్చి కుళాయి కింద పెట్టి చేత్తో రుద్ది పళ్ళెంలో పెట్టింది. అక్కడక్కడ తెల్లపొర ఇంకా ఉంది. ఆయన ఒకటి తిన్నాడు. తర్వాత ఇంకోటి. సబ్బు లేని ద్రాక్ష ఎలా ఉంటుందో పిల్లలకు ఐదేళ్ళ తర్వాత మళ్ళీ అప్పుడే తెలిసింది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ నోటితో అనుకోలేదు. కొన్ని కాపురాలు అలా అనుకోకపోవడం వల్లే నిలబడతాయి.

కానీ ఉపన్యాసాలు మానితే దక్షిణామూర్తి ఎలా అవుతాడు? తొంభై మూడులో రేపల్లెవాళ్ళు పిలిస్తే వెళ్ళాడు. రమణీ హనుమంతరావూ వెంట ఉన్నారు. ఆయన వేదిక ఎక్కి ఒక ద్రాక్షగుత్తి పైకెత్తాడు.

"ఈ తెల్లపొర చూశారా? ఇది ప్రకృతి కప్పిన కంబళి! కానీ మన దేశంలో కొందరు మూర్ఖులున్నారు. దీన్ని విషమనుకుని సబ్బుపొడితో తోముతారు!"

జనం పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ధారగా పోసే నీళ్ళ గురించీ, చేత్తో రుద్దడం గురించీ, మామగారు చెప్పినదంతా, మామగారి పేరు తప్ప, పొల్లు పోకుండా చెప్పాడు. చప్పట్లు తెనాలి చప్పట్ల కంటే గట్టిగానే పడ్డాయి. ముందువరసలో కూర్చున్న శ్యామలాంబ ఒక్కతే దిగాలుగా ఉంది. మంచి మడి కట్టిన పిల్లాడికి ఎవరి దిష్టి తగిలిందోనని ఆవిడ బాధ.

సాయంత్రం ముగ్గురూ తెనాలి రైలెక్కారు. రమణి వేమూరులో జామకాయలు కొని, కిటికీ బయటకు చేతులు చాపి మరచెంబులో నీళ్ళు వంపుతూ ఒక్కొక్కటీ బాగా రుద్ది కడిగి, హనుమంతరావుకొకటి ఇచ్చింది. ఆయన కొరికి, నమిలి, ఏదో తక్కువైనట్టు ముఖం పెట్టాడు.

"ఏంటండీ, పచ్చిగా ఉందా?" అంది రమణి.

"కాయ బాగానే ఉందమ్మా," అన్నాడు హనుమంతరావు నొచ్చుకుంటూ. "సార్ ఎనభై ఆరులో చెప్పినప్పట్నుంచీ మా ఇంట్లో నాలుగు బకెట్లూ అలాగే నడుస్తున్నాయి కదా. సబ్బు వాసన లేకపోతే మాకు జామకాయ తిన్నట్టే ఉండటం లేదు."

దక్షిణామూర్తి కిటికీలోంచి వరిచేలను చూస్తూ, ఈ రేపల్లె పాసింజర్ ఏ ఒక్కరోజైనా వేళకు చేరిందా అని రైల్వేవాళ్ళను తిట్టడం మొదలుపెట్టాడు.